రాత్రి 13.2, పొద్దున 8.4: భారీగా రక్తం పోయాక రిపోర్టుల్లో అంకెలు ఎందుకు అలా మారతాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బెంగళూరులో మారతహళ్లి దగ్గర బైకు ప్రమాదంలో మీ బావగారి తొడ ఎముక విరిగింది. వయసు 46, బరువు 70 కిలోలు, సుగర్ ఉంది. రాత్రి క్యాజువాలిటీలో హిమోగ్లోబిన్ 13.2 ఉంటే, తెల్లారి ఆరింటికి 8.4 అన్నారు. తెల్ల కణాలు 18,600. రెండు యూనిట్ల రక్తం ఎక్కించాక హిమోగ్లోబిన్ 10.2కి పెరిగింది, రెండు రోజులకు మళ్లీ 9.1కి దిగింది. మదనపల్లెలో బంధువులు వాట్సాప్‌లో రిపోర్టులు చూసి, ల్యాబ్ తప్పయినా అయ్యుండాలి, బిల్లు కోసం ఆసుపత్రి ఆడే నాటకమైనా అయ్యుండాలి అంటున్నారు. నెలన్నర గడిచాక, రెండు మూడు నెలల సగటు సుగర్ చెప్పే పరీక్ష హెచ్‌బీఏ1సీ చేయిస్తే 8.1 కాస్తా 6.2 అయింది. మాత్రలు తగ్గించవచ్చా అన్నది మీ చివరి ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. 13.2, 8.4 రెండూ నిజమైన అంకెలే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. 18,600 అన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ అని కాదు. 10.2 నుంచి 9.1కి దిగడానికి మామూలు కారణాలు ఉన్నాయి, ఒకటి రెండు చూసుకోవాల్సినవీ ఉన్నాయి. 6.2ని మాత్రం నమ్మకండి, దాన్ని చూసి మాత్రలు తగ్గించకండి.

హిమోగ్లోబిన్ పరీక్ష ఒంట్లో ఎంత రక్తం మిగిలిందో కొలవదు. ఒక డెసిలీటరు రక్తంలో ఎన్ని గ్రాముల హిమోగ్లోబిన్ ఉందో అంతే చెప్తుంది. బిందెలో పాలు సగం ఒలికిపోయినా మిగిలిన సగం అంతే చిక్కగా ఉంటాయి, నీళ్లు కలిసినప్పుడే పలచబడతాయి. గాయంలోంచి ఎర్ర కణాలూ, వాటిని మోసే ద్రవం ప్లాస్మా రెండూ ఒకే పాళ్లలో పోతాయి కాబట్టి మొదటి గంటలో హిమోగ్లోబిన్, పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) దాదాపు కదలవు. ఆ తర్వాత కణజాలంలోని నీరు మెల్లగా రక్తనాళాల్లోకి చేరుతుంది. ఇది పూర్తవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. సెలైన్, రింగర్ లాక్టేట్ ఎక్కిస్తే అదే పని గంటల్లో జరిగిపోతుంది.

మీ బావగారి లెక్కే వేసి చూద్దాం. పెద్దవాళ్లలో కిలోకి సుమారు 70 మి.లీ. రక్తం ఉంటుంది. 70 కిలోలకు 4.9 లీటర్లు. పోయిన పరిమాణం మొత్తాన్నీ ద్రవం నింపేసి, హిమోగ్లోబిన్ 13.2 నుంచి 8.4కి వచ్చిందంటే, మిగిలిన అసలు రక్తం 4.9ని 8.4తో గుణించి 13.2తో భాగిస్తే వచ్చేంత, అంటే 3.1 లీటర్లు. కనీసం 1.8 లీటర్లు పోయినట్టు. డ్రిప్ నడుస్తుండగా కారిన రక్తం అప్పటికే పలచబడి ఉంటుంది కనుక అసలు పరిమాణం ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు. మరోవైపు సెలైన్ అవసరానికి మించి ఎక్కిస్తే అంకె ఉన్నదానికన్నా ఘోరంగా కనిపిస్తుంది. కాబట్టి ఇది అంచనా మాత్రమే. విరిగిన తొడ ఎముక చుట్టూనే ఒకటి నుంచి ఒకటిన్నర లీటర్ల రక్తం గడ్డకట్టుకుని ఉండిపోగలదు, చర్మం మీద ఒక్క చుక్క కనిపించకుండా. దానికి రోడ్డు మీద పోయింది కలిపితే లెక్క సరిపోతుంది. అందులో నాటకమేమీ లేదు.

ఇదే కారణంగా క్యాజువాలిటీలో మొదటి హిమోగ్లోబిన్ బాగుందని ఎవరూ నిశ్చింతగా కూర్చోరు. నాడి, బీపీ, చర్మం చల్లబడటం, మూత్రం ఎంత వస్తోంది, ఇవన్నీ ఆ అంకెకన్నా ముందు మాట్లాడతాయి. నాడిని పై బీపీతో భాగిస్తే వచ్చేది 0.9 దాటితే రక్తస్రావాన్ని అనుమానించాలి. నాడి 118, బీపీ 100 అంటే 1.18. అప్పుడు హిమోగ్లోబిన్ 14 ఉన్నా రక్తం తెప్పించే పని మొదలుపెట్టాల్సిందే. మొదటి అంకె పోలికకు పనికొస్తుంది, భరోసాకు పనికిరాదు.

రక్తం పోతోందని ల్యాబులో తొందరగా చెప్పేవి లాక్టేట్, బేస్ డెఫిసిట్ (రక్తంలో ఆమ్లం ఎంత పెరిగిందో చెప్పే అంకె). రెండూ బ్లడ్ గ్యాస్ యంత్రంలో కొన్ని నిమిషాల్లో వస్తాయి. కణాలకు ఆక్సిజన్ చాలకపోతే లాక్టేట్ పెరుగుతుంది. 2 మిల్లీమోల్ దాటితే గమనించాలి, 4 దాటితే ప్రమాదం. బేస్ డెఫిసిట్ 6 దాటితే రక్తం అవసరం పడే అవకాశం ఎక్కువ, 10 దాటితే పరిస్థితి తీవ్రం. ఒక్క రీడింగ్‌కన్నా రెండు మూడు గంటల్లో అది దిగుతోందా లేదా అన్నది ముఖ్యం. మద్యం, ఫిట్స్, లివర్ జబ్బు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో మెట్‌ఫార్మిన్ వల్ల కూడా లాక్టేట్ పెరుగుతుంది కాబట్టి సుగర్ మాత్రల వివరం డాక్టర్లకు ముందే చెప్పడం మంచిది. ఇంకో చిన్న విషయం. కొన్ని గ్యాస్ యంత్రాలు రక్తంలో విద్యుత్తు ప్రవహించే తీరును బట్టి పీసీవీ లెక్కగట్టి, దాని నుంచి హిమోగ్లోబిన్ చూపిస్తాయి. సెలైన్ ఎక్కువ ఎక్కి ప్రొటీన్లు పలచబడినప్పుడు అవి ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి. గ్యాస్ రిపోర్టులో 7.6, అదే సమయంలో సీబీసీలో (మామూలు రక్తకణాల పరీక్షలో) 8.5 వచ్చిందంటే ఎవరూ మోసం చేయలేదు, కొలిచే పద్ధతులు వేరు.

తెల్ల కణాల సంగతి. పెద్ద దెబ్బ తగలగానే అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు ఊడి ప్రవాహంలోకి వస్తాయి, ఎముక మజ్జ నుంచీ కొత్తవి వస్తాయి. కొన్ని గంటల్లోనే 15,000 నుంచి 20,000 వరకు పోవడం మామూలే. రెండు మూడు రోజుల్లో దిగాలి. దిగకుండా నాలుగో రోజు మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా అప్పుడు ఇన్ఫెక్షన్ వెతకాలి. ఆ రాత్రి సుగర్ 280, 300 రావడం కూడా ఇదే హార్మోన్ల పనే.

ప్లేట్‌లెట్లు రెండు వైపులా కదులుతాయి. సెలైన్, ప్యాక్డ్ సెల్స్ (దాత రక్తంలోంచి వేరుచేసిన ఎర్ర కణాలు) ఎక్కువగా ఎక్కితే పలచబడి లక్ష దగ్గరికో, ఇంకా కిందికో దిగుతాయి, ఎందుకంటే ప్యాక్డ్ సెల్స్ సంచిలో పనికొచ్చే ప్లేట్‌లెట్లు ఉండవు. వారం పది రోజులకు అవే 5 లక్షలు, 6 లక్షలు దాటొచ్చు. అది మజ్జ స్పందన, కొత్త జబ్బు కాదు.

గడ్డకట్టే పరీక్షల దగ్గర కాస్త ఆగాలి, ఇక్కడే పొరపాట్లు ఎక్కువ. భారీ రక్తస్రావంలో అన్నిటికన్నా ముందు ప్రమాదకర స్థాయికి పడిపోయేది ఫైబ్రినోజన్, గడ్డను కట్టిపట్టే ప్రొటీన్. డెసిలీటరుకు 150 మి.గ్రా. కన్నా తక్కువైతే గడ్డ నిలవదు. పీటీ, ఐఎన్‌ఆర్, ఏపీటీటీ, అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే అంకెలు, ఆ తర్వాత పెరుగుతాయి. కాన్పు తర్వాత రక్తస్రావంలో లెక్క ఇంకా వేరు. నెలలు నిండిన గర్భిణికి ఫైబ్రినోజన్ మామూలుగానే 400 నుంచి 600 మధ్య ఉంటుంది. రిపోర్టులో 200 నుంచి 400 వరకు నార్మల్ అని అచ్చు వేసి ఉంటుంది కాబట్టి 210 వస్తే ఎర్ర గుర్తు పడదు. నిజానికి బాలింతకు 200 దగ్గర పడిందంటే తీవ్ర రక్తస్రావానికి హెచ్చరిక.

ఇంకొకటి, రిపోర్టు చూసి ఎప్పటికీ తెలియనిది. గడ్డకట్టే పరీక్షలన్నీ యంత్రం 37 డిగ్రీల దగ్గర చేస్తుంది. వాన రాత్రి రోడ్డు మీద గంటసేపు పడి ఉన్న మనిషి ఒళ్లు 33 డిగ్రీలకు చల్లబడితే, అతని ఒంట్లో రక్తం సరిగా గడ్డకట్టదు. శాంపిల్‌ని యంత్రం వేడిచేసి నడిపిస్తుంది కనుక పీటీ నార్మల్‌గా వస్తుంది. అందుకే దుప్పట్లు, వెచ్చటి సెలైన్ కూడా వైద్యంలో భాగమే. దీనికి తోడు నీలం మూత ట్యూబు సమస్య. అందులో రక్తాన్ని గడ్డకట్టనివ్వని సిట్రేట్ ఉంటుంది, ఒక వంతు సిట్రేట్‌కు తొమ్మిది వంతుల రక్తం పడాలి. షాక్‌లో (బీపీ పడిపోయి ఒంటికి రక్తం చాలనప్పుడు) నరం దొరక్క ట్యూబు సగమే నిండితే, సిట్రేట్ ఎక్కువై పీటీ, ఏపీటీటీ లేనిపోని ఎత్తుకు పోతాయి. గీత వరకు నిండని నీలం ట్యూబును మంచి ల్యాబు వెనక్కి పంపుతుంది. ఇంకోసారి గుచ్చారని వాళ్ల మీద కోప్పడకండి.

రక్తం ఎక్కువ యూనిట్లు ఎక్కితే ఖనిజాలూ మారతాయి. సంచిలోని సిట్రేట్ ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఇది అయనైజ్డ్ కాల్షియం (దేనికీ అంటుకోకుండా విడిగా ఉన్న కాల్షియం) పరీక్షలోనే తెలుస్తుంది, మామూలు కాల్షియం పరీక్షలో తెలియదు. అది 1.0 మిల్లీమోల్ కిందికి పోతే గుండె, గడ్డకట్టడం రెండూ దెబ్బతింటాయి. నిల్వ రక్తంలో కణాల నుంచి బయటికొచ్చిన పొటాషియం వల్ల, షాక్‌లో ఆమ్లం పెరగడం వల్ల పొటాషియం ఎక్కువ కావచ్చు. రెండు యూనిట్లకు ఇవేవీ పెద్దగా కదలవు.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పెరుగుతుంది. మొదటి రాత్రి 0.9 వచ్చిందని కిడ్నీలు క్షేమం అనుకోకూడదు, మూత్రం ఎంత వస్తోందన్నదే అప్పటికి నమ్మదగిన సాక్ష్యం. బీపీ చాలాసేపు పడిపోయి ఉంటే లివర్ పరీక్షలు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ వేలల్లోకి పోయి, వారం పది రోజుల్లో దిగివస్తాయి. అది కామెర్ల వైరస్ కాదు, లివర్‌కు రక్తం అందకపోవడం. కడుపులో పుండు నుంచి రక్తం కారితే యూరియా మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే పేగుల్లో పడ్డ రక్తం ప్రొటీన్‌లా అరుగుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే 'నిష్పత్తి 30 దాటితే పై పేగులో రక్తస్రావం' అన్న సూత్రం, యూరియాలోని నైట్రోజన్‌ను మాత్రమే కొలిచే బీయూఎన్‌ని క్రియాటినిన్‌తో భాగించిన లెక్కకు సంబంధించినది. మన ల్యాబులు ఎక్కువగా బ్లడ్ యూరియా ఇస్తాయి, అది బీయూఎన్‌కి 2.14 రెట్లు. కాబట్టి మన రిపోర్టులో ఆ నిష్పత్తి 64 దాటితేనే ఆ అర్థం. యూరియా 30, క్రియాటినిన్ 0.9 ఉన్న ఆరోగ్యవంతుడికి కూడా నిష్పత్తి 33 వస్తుంది, దానికి కంగారు పడేవాళ్లు బోలెడుమంది.

సరే, మీ బంధువుల అనుమానానికి వస్తాను. ల్యాబ్ తప్పులు జరగవని కాదు, జరుగుతాయి. కానీ వాటికి గుర్తులు ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది డ్రిప్ నడుస్తున్న చేతి నుంచే శాంపిల్ తీయడం. అప్పుడు హిమోగ్లోబిన్ ఒక్కటే దిగదు. తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు, ప్రొటీన్, కాల్షియం, పొటాషియం అన్నీ కలిసికట్టుగా దిగుతాయి, సెలైన్ అయితే క్లోరైడ్ ఎగబాకుతుంది, డెక్స్‌ట్రోజ్ అయితే సుగర్ ఏకంగా 700, 800 వస్తుంది. మీ బావగారి రిపోర్టులో హిమోగ్లోబిన్ దిగిన పూటే తెల్ల కణాలు 18,600కి పెరిగాయి. సెలైన్ కలిసిన శాంపిల్‌లో అలా జరగదు. శాంపిల్ రెండో చేతి నుంచి తీయాలి. వీలుకాకపోతే డ్రిప్ కనీసం రెండు నిమిషాలు ఆపి, సూది ఉన్న చోటుకు కింది వైపు నుంచి తీయాలి.

రెండోది, వేరే మనిషి శాంపిల్ మీ పేరు మీద రావడం. దీనికి సీబీసీలోనే ఒక సాక్షి ఉంది, ఎంసీవీ. ఎర్ర కణం సగటు పరిమాణం రాత్రికి రాత్రి మారదు, ఎంత రక్తం కారినా, ఎంత సెలైన్ ఎక్కినా. రాత్రి 84 ఉండి పొద్దున 83, 85 ఉంటే అదే మనిషి అనుకోవచ్చు. ఒకేసారి 72 అయినా, 96 అయినా, రక్తం ఎక్కించకముందే అలా మారితే, వెంటనే మళ్లీ శాంపిల్ తీయమనండి. ఎందుకంటే అదే తప్పు బ్లడ్ గ్రూప్ శాంపిల్‌లో జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. బ్లడ్ బ్యాంకు వాళ్లు గ్రూప్ కోసం రెండోసారి శాంపిల్ అడిగేది కూడా అందుకే. మీ దగ్గరున్న రెండు రిపోర్టులూ తీసి ఎంసీవీ వరుస చూసుకోండి, మదనపల్లెకు ఫోటో పంపేది కూడా అదే పంపండి.

ఎక్కించాక 10.2 అయింది 9.1కి ఎందుకు దిగింది? ఒక యూనిట్ ప్యాక్డ్ సెల్స్‌కు సుమారు 1 గ్రాము పెరగాలి, రెండింటికి 1.8 పెరిగింది, సరిగ్గానే ఉంది. ఆ తర్వాత 48 గంటల్లో కణజాలం నుంచి నీరు ఇంకా చేరుతూ ఉంటుంది, ఎముకకు రాడ్ వేసే ఆపరేషన్ జరిగి ఉంటే అక్కడ కొంత పోతుంది, రోజూ తీసే శాంపిళ్లు కొంత. ఈ ఒక్క గ్రాము తేడాకు ఇవి చాలు. కానీ ఆసుపత్రిలో అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు రెండు ఉన్నాయి. తొడ బిగుసుకుని పెద్దదవుతోందా? మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చిందా, జ్వరం, చలి వచ్చాయా? మొదటిది లోపల ఇంకా కారుతోందని, రెండోది ఎక్కించిన కణాలు పగిలిపోతున్నాయని చెప్పొచ్చు. తొడలోని గడ్డ కరిగేటప్పుడు ఐదారు రోజులకు ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ (ఎర్ర కణాలు విరిగినప్పుడు వచ్చే పచ్చ రంగు పదార్థం) 2, 3 దాకా పెరిగి కళ్లు కొద్దిగా పచ్చబడటం కూడా ఉంది. ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉంటే దానికి పసరు మందులు తాగించకండి.

డెంగీ గురించి మీరు అడగలేదు, కానీ బెంగళూరులో వానాకాలం కాబట్టి ఒక మాట. డెంగీలో ప్లాస్మా నాళాల్లోంచి బయటికి కారి పీసీవీ పెరుగుతుంది. అదే రోగికి లోపల రక్తస్రావం కూడా అయితే పెరగాల్సింది, తగ్గాల్సింది కలిసి పీసీవీ 40 అని ముచ్చటగా నార్మల్ చూపిస్తుంది. పీసీవీ దిగుతోంది, మనిషి మాత్రం నీరసించిపోతున్నాడు అంటే అది కోలుకోవడం కాదు, రక్తస్రావం.

ఇక హెచ్‌బీఏ1సీ. ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది, ఆ బతికినన్ని రోజులూ చక్కెర దానికి అంటుకుంటూ పోతుంది. మీ బావగారి పాత కణాలు మూడో వంతు పైగా పోయాయి. వాటి స్థానంలో దాత కణాలు కొన్ని, మజ్జ కొత్తగా తయారుచేసినవి కొన్ని వచ్చాయి. అప్పుడే పుట్టిన ఎర్ర కణాలు, అంటే రెటిక్యులోసైట్లు, మూడు నుంచి ఐదో రోజున పెరగడం మొదలై వారం పది రోజులకు శిఖరానికి చేరతాయి. ఇవన్నీ చక్కెరలో ఎక్కువ రోజులు నానని కణాలు. అందుకే సగటు తగ్గింది, సుగర్ తగ్గకపోయినా. పైగా రాబోయే నెలల్లో ఐరన్ లోపం వస్తే అదే హెచ్‌బీఏ1సీ ఈసారి ఉత్తుత్తిగా పెరుగుతుంది. రక్తం ఎక్కించిన రోజు నుంచి మూడు నాలుగు నెలలు ఆ పరీక్షను పక్కన పెట్టండి. పరగడుపున, తిన్న రెండు గంటలకు సుగర్ చూసి రాసుకుని, ఆ పుస్తకం చూపించి మందులు సర్దించుకోండి. ఇంట్లో గ్లూకోమీటర్ వాడితే స్ట్రిప్స్ డబ్బాలోని కాగితం మీద పీసీవీ ఎంత నుంచి ఎంత వరకు పనిచేస్తుందో చూడండి. పీసీవీ బాగా తక్కువగా ఉంటే కొన్ని మీటర్లు సుగర్‌ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. వారానికోసారి ల్యాబ్ రీడింగ్‌తో పోల్చుకుంటే చాలు.

ఇలా ఎక్కించిన రక్తం చెడగొట్టే పరీక్షలు మరికొన్ని ఉన్నాయి. థలసీమియా కోసం చేసే హెచ్‌పీఎల్‌సీ, ఎర్ర కణాల్లోని ఒక ఎంజైమ్‌ను చూసే జీ6పీడీ కూడా మూడు నెలలు ఆగాల్సినవే. రక్తహీనత ముందునుంచీ ఉందన్న అనుమానం ఉంటే ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బీ12, హెచ్‌పీఎల్‌సీ శాంపిళ్లు మొదటి సంచి తగిలించకముందే తీసి ఉంచమని అడగాలి. అత్యవసరంగా ఓ నెగెటివ్ ఎక్కించేటప్పుడు కూడా గ్రూప్ శాంపిల్ ముందు తీసేస్తారు, తర్వాత తీస్తే రెండు గ్రూపుల కణాలు కలిసి కనిపిస్తాయి.

ఇప్పుడు చేయించాల్సినవి: సీబీసీ, రెటిక్యులోసైట్ కౌంట్, ఫెర్రిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత నిండిందో చెప్పేది), సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపేది). హిమోగ్లోబిన్ ప్రతి గ్రాములో 3.4 మి.గ్రా. ఇనుము ఉంటుంది. 13.2 చొప్పున 1.8 లీటర్లంటే సుమారు 800 మి.గ్రా. తొడలో గడ్డకట్టిన రక్తంలోని ఇనుమును ఒళ్లు తిరిగి వాడుకుంటుంది, రోడ్డు మీద పోయింది పోయినట్టే. ఎక్కించిన రెండు సంచులు 400 నుంచి 500 మి.గ్రా. తెచ్చాయి. గాయం, ఆపరేషన్ ఉన్నప్పుడు ఫెర్రిటిన్ దానంతట అదే పెరుగుతుంది కనుక 80 వచ్చినా లోపం లేదనలేం. శాచురేషన్ 20 శాతం కన్నా తక్కువ, సీఆర్‌పీ ఎక్కువ, ఫెర్రిటిన్ 100 లోపు ఉంటే ఐరన్ ఇవ్వడం మేలు. దానిమ్మ, బీట్‌రూట్ జ్యూసుల మీద ఆశ పెట్టుకోకండి, 100 గ్రాముల దానిమ్మలో అర మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు, సుగర్ ఉన్నవాళ్లకు ఆ జ్యూసు ఇంకో తంటా. మాత్ర వేసుకుంటే కాఫీ, టీ, పాలకు రెండు గంటలు ఎడం ఉంచండి.

ఐరన్ మాత్రలతో విరేచనం నల్లగా, కాస్త ఆకుపచ్చగా అవుతుంది, గట్టిగానే ఉంటుంది. తారులా జిగటగా, విపరీతమైన వాసనతో వస్తే అది మాత్రల రంగు కాదు. ఎముక నొప్పికి వాడే పెయిన్‌కిల్లర్లు కడుపులో పుండు చేసి ఉండొచ్చు. తల తిరిగినా, నాడి వేగంగా కొట్టుకున్నా రిపోర్టు కోసం ఆగకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.